మా రోజుల్లో రిహార్సలు ఉండేది

మా రోజుల్లో సినిమా మొదట్లో పేర్లు వేస్తే రచన అని ఒక పేరు, దర్శకత్వం అని ఒక పేరు పడేవి. అంతటితో సరి. ఇప్పుడు మూలకథ ఒకరిది, కథ మరొకరిది, స్క్రీన్‌ప్లే ముగ్గురిది, అదనపు స్క్రీన్‌ప్లే ఇద్దరిది, మాటలు ఒకాయనవి, అదనపు మాటలు ఇంకొకాయనవి. మొన్నొక సినిమాలో స్క్రిప్టు డాక్టరు అని కూడా ఒక పేరు పడింది. కథకు జ్వరమొచ్చిందేమో పాపం. ఇంతమంది కలిసి రాసిన సినిమా చూసి, హాలు బయటికొచ్చి స్కూటరు తాళం తీసేలోపల ఒక్క మాట కూడా గుర్తుండటం లేదు నాకు. వయసు మీదపడి అనుకునేరు. కుర్రతనంలో విన్న నాటకాన్ని అర్ధరాత్రి లేపి అడిగినా ఇప్పటికీ అప్పజెప్తాను.

ఈ మాటంటే మా పెద్దవాడు, "అది స్పెషలైజేషన్ నాన్నా, ఎవరి పని వాళ్లు బాగా చేస్తారు" అన్నాడు. బాగా చేస్తే నాకేం బాధ? డైలాగు రాసినవాడు ఒక్కసారైనా దాన్ని నోటితో పైకి చెప్పి చూసుకున్నాడా అని నా అనుమానం. మొన్నటి సినిమాలో హీరో ఒక వాక్యం మొదలుపెట్టాడు. అది ముగిసేలోపల కెమెరా నాలుగు చోట్లకు మారింది. ఎందుకు మారిందో నాకు తెలుసు. ఆ వాక్యాన్ని ఒక్క ఊపిరిలో చెప్పడం మనిషి తరం కాదు. ముక్కలుగా చెప్పించి అతికారు.

నాకెట్టా తెలుసంటారా? నేను ప్రాంప్టరును. పగలు హైస్కూల్లో తెలుగు చెప్పేవాణ్ణి, రాత్రుళ్లు గూడూరు చుట్టుపక్కల ఎవరు నాటకం వేసినా సైడు వింగులో పుస్తకం పట్టుకుని నిలబడేవాణ్ణి. ముఖానికి ఏనాడూ రంగు పూసుకోలేదు. ప్రాంప్టింగు చెప్పేవాడికి కథ, కవిత్వం తర్వాత. ముందు నటుడి ఊపిరి లెక్క తెలియాలి. నా పుస్తకంలో ఎవరికి ఎక్కడ దమ్ము చాలదో అక్కడ ఎర్ర పెన్సిలుతో చిన్న గీత ఉండేది. కొందరు రచయితల పుస్తకాలకు ఆ గీతల అవసరమే పడేది కాదు. అట్టాంటి పుస్తకం చేతికి రాగానే తెలిసిపోయేది, ఈయన ఎప్పుడో ఒకప్పుడు తెర ముందు నిలబడ్డ మనిషే అని.

మా గూడూరు జంక్షను. ఒక లైను వెంకటగిరి మీదుగా శ్రీకాళహస్తి, రేణిగుంట వైపు పోతుంది. ఇంకొకటి నాయుడుపేట, సూళ్లూరుపేట, తడ దాటి మద్రాసు చేరుతుంది. 2022 ఏప్రిల్లో జిల్లాలు పంచి మమ్మల్ని నెల్లూరు నుంచి తీసి తిరుపతిలో వేశారు గానీ రైలు పట్టాలు మాత్రం ఉన్నచోటే ఉన్నాయి, అంతవరకు మేలు. ఆ మొదటి లైను మీద ఒక పెద్దాయన తనువు చాలించారు, రెండో లైను మీద ఒక మహానుభావుడు పుట్టాడు. వాళ్లిద్దరి సంగతీ చెప్పాలి. ఆ తర్వాత మూడో ఆయన సంగతి. ఆయన మా వైపు మనిషి కాకపోయినా మా రైలెక్కి వెళ్తే దొరికే మనిషి.

శ్రీకాళహస్తిలో 1953 జూన్ 30న పోయిన పెద్దాయన బలిజేపల్లి లక్ష్మీకాంతం గారు. పుట్టింది 1881లో, గుంటూరు జిల్లా ఇటికంపాడులో. ఆయన చేసిన ఉద్యోగాలు చెబితే ఇప్పటి పిల్లలు, "అంటే కెరీర్ ప్లానింగ్ లేదా?" అంటారు. సబ్ రిజిస్ట్రారు ఆఫీసులో గుమాస్తాగా చేశారు. గుంటూరు హిందూ హైస్కూల్లో మేష్టరీ చేశారు. సంస్థానాలు తిరిగి అవధానాలు చేశారు. చంద్రికా ముద్రణాలయం అని ప్రెస్సు పెట్టారు. స్వాతంత్ర్యోద్యమంలో జైలుకు వెళ్లారు. వీటి మధ్యలో 1912లో 'సత్యహరిశ్చంద్రీయం' రాశారు. రాసి ఊరుకోలేదు, నాటక సమాజంతో కలిసి ఆడించారు, తానే నక్షత్రకుడి వేషం కట్టారు.

ఈ నక్షత్రకుడి సంగతి దగ్గర కాస్త ఆగాలి. రాసినవాడు తనకోసం ఏ వేషం ఉంచుకుంటాడు? హరిశ్చంద్రుడు కావాలనుకుంటాడు ఎవడైనా. పద్యాలన్నీ అక్కడే, వన్స్ మోర్లన్నీ అక్కడే. ఈయన వెంటబడి అప్పు వసూలు చేసే శిష్యుడి వేషం తీసుకున్నారు. ప్రాంప్టరుగా నేను చెప్పేదేమంటే, ఆ నాటకాన్ని పరుగెత్తించేది నక్షత్రకుడే. హరిశ్చంద్రుడు పద్యం ఎత్తుకుని ఆకాశంలోకి వెళ్లిపోతే, కిందికి దించి కథలోకి ఈడ్చుకొచ్చేది అతగాడు. నాటకం ఎక్కడ జారిపోతుందో రచయితకు తెలుసు కాబట్టి కాపలాకు అక్కడ తానే నిలబడ్డాడని నా నమ్మకం. దీన్ని ఇప్పుడు స్క్రీన్‌ప్లే అంటున్నారు, వేలకు వేలు పుచ్చుకుని చెప్తున్నారు.

కాటిసీను సంగతి సరేసరి. ఇప్పటికీ మా చుట్టుపక్కల జాతరల్లో పూర్తి నాటకం ఆడే ఓపిక లేక కాటిసీను ఒక్కటే ఆడిస్తారు. అందులో జనం ఎగబడి వినే పద్యాలు కొన్ని గుర్రం జాషువా గారి 'శ్మశానవాటి'లోవి. నటులు తెచ్చి కలిపారు, జనం ఒప్పుకున్నారు. బలిజేపల్లి వారి నాటకంలో జాషువా గారి పద్యం ఇమిడిపోయిందంటే ఆ చోటు ఎంత విశాలంగా కట్టిపెట్టారో చూడండి. ఈ రోజుల్లో అయితే ఇద్దరి వకీళ్లూ కోర్టులో ఉండేవారు.

ఆయన సినిమాల్లోకి వెళ్లింది ఏ వయసులో అనుకున్నారు? యాభై దాటాక. 1939లో 'మళ్ళీ పెళ్ళి', 'వరవిక్రయం'. 1940లో 'విశ్వమోహిని', 'భూకైలాస్'. 1942లో జెమినీ వారి 'బాలనాగమ్మ'. మాటలు రాశారు, పాటలు రాశారు, వేషాలూ వేశారు. 'వరవిక్రయం' భానుమతి గారి మొదటి సినిమా, పుల్లయ్య గారి దర్శకత్వం. 'విశ్వమోహిని' సినిమా వాళ్ల మీద తీసిన సినిమా. కాటిసీను రాసిన కలం స్టూడియో మోసాల కథకు మాటలు కూడా రాయగలిగిందంటే, బడి పంతులు, ప్రెస్సు యజమాని, ఖైదీ, గుమాస్తా అందరూ ఆ ఒక్క మనిషిలో ఉండబట్టే.

రెండో లైను మీద సూళ్లూరుపేట దగ్గర మంగళంపాడు. 1921 మే 7న అక్కడ పుట్టాడు కిళాంబి వెంకట నరసింహాచార్యులు. గోత్రం పేరే కలంపేరు చేసుకుని ఆత్రేయ అయ్యాడు. మా వైపు మనిషి కనుక 'గారు' తగిలించకుండానే అంటున్నాను, పెద్దలు క్షమించాలి. నెల్లూరులో కోర్టు గుమాస్తాగా చేశాడు, 'జమీన్ రైతు' పత్రికలో పనిచేశాడు, ఆంధ్ర నాటక కళా పరిషత్తు కార్యదర్శిగా తిరిగాడు. 'ఎన్.జి.ఓ.', 'ఈనాడు', 'విశ్వశాంతి', 'కప్పలు', 'భయం', ఇవన్నీ సినిమా పాటకు ముందో వెనకో రాసిన నాటకాలు. జనానికి మాత్రం ఆత్రేయ అంటే పాటే. మనసు కవి అని బిరుదిచ్చి, నాటకాలను అటక మీద పెట్టేశారు. నాకు ఒళ్లుమండేది అక్కడే.

'ఎన్.జి.ఓ.' మేం ఎన్నిసార్లు వేశామో లెక్కలేదు. కారణం చెప్తాను. దానికి కిరీటాలు అక్కర్లేదు, నెల్లూరు నుంచి సప్లయి కంపెనీ డ్రెస్సులు తెప్పించే ఖర్చు లేదు. చిరిగిన కోటు, ఒక కుర్చీ, ఒక లాంతరు ఉంటే నాటకం లేచిపోయేది. ముందు వరసలో తాలూకా ఆఫీసు గుమాస్తాలు కూర్చుని వాళ్ల బతుకును వాళ్లే చూసుకుని కళ్లు తుడుచుకునేవారు. ఆ పుస్తకంలో నా ఎర్ర గీతలు ఉండవు. మాట మనిషి నోట్లోంచి వచ్చినంతే ఉంటుంది, అక్కడికి ఆగిపోతుంది. 1951లో 'దీక్ష'కు పాటలు రాసినప్పటి నుంచి ఆయనకు పేరు తెచ్చిన ఆ చిన్న చిన్న మాటలు ఈ గుమాస్తా ఇంటి వసారాలోనే అలవాటయ్యాయని నేనంటాను. కాదన్నవాళ్లు ఆ నాటకం చదవనివాళ్లు.

1961లో 'వాగ్దానం' అని సినిమా ఒకటి డైరెక్టు చేశాడు. శరత్ కథ, నాగేశ్వరరావు హీరో. మళ్లీ ఆ జోలికి పోలేదు. ఆయన రాస్తే జనం ఏడుస్తారు, రాయకపోతే నిర్మాతలు ఏడుస్తారు అని కోడంబాకంలో ఒక ఛలోక్తి ఉండేది. ఇప్పుడు రాయడం ఆలస్యమయ్యే ప్రశ్నే లేదు, యంత్రాన్ని అడిగితే క్షణంలో సీను రాసిస్తుందట. నిర్మాతల ఏడుపు తప్పింది, జనం ఏడుపూ తప్పింది.

ఇక మూడో ఆయన. ఈయన దగ్గరే నేను ఎక్కువసేపు కూర్చోదలచుకున్నాను, ఎందుకంటే మొదటి ఇద్దరికీ శిష్యులున్నారో లేదో గానీ ఈయన శిష్యుల్ని లోకమంతా ఎరుగును.

మా గూడూరు స్టేషను ఒకప్పుడు సినిమా పిచ్చి పట్టి ఇల్లు వదిలిన పిల్లల్ని చాలామందిని చూసింది. టికెట్టు లేకుండా ఎక్కి ఇక్కడ దొరికిపోయేవారు. జేబులో ఫొటోలు, దువ్వెన. మద్రాసుకు ఇంకా నూట ముప్పై ఎనిమిది కిలోమీటర్లు. దొరకనివాళ్లు వెళ్లి వాహినీ గేటు ముందో ఏవీఎం గేటు ముందో నిలబడేవారు. గేటు దగ్గర నిలబడటమే అప్పట్లో చదువు. నటన నేర్పే బడి ఉంటుందని ఎవరికీ తోచలేదు.

బడి పూనాలో మొదలైంది. ప్రభాత్ స్టూడియో స్థలంలో 1960లో ఫిల్మ్ ఇన్‌స్టిట్యూట్ పెట్టారు. న్యూయార్కులో చదివొచ్చిన రోషన్ తనేజా 1963లో అక్కడ నటన శాఖ నడపడం మొదలుపెట్టారు. ఆ ఇన్‌స్టిట్యూట్‌లో నటన చదువుకుని వచ్చిన తెలుగాయన దేవదాస్ కనకాల గారు. 1945 జూలై 30న యానాంలో పుట్టారు. అప్పటికి యానాం ఫ్రెంచివాళ్లది. నాటకాల మనిషి. 1969లో బాపు గారి 'బుద్ధిమంతుడు'లో కనిపించారు, 1974లో 'ఓ సీత కథ'లో. 1978లో 'చలిచీమలు' డైరెక్టు చేశారు, 1980లో 'నాగమల్లి'. నటుడు, రంగస్థలం మనిషి, దర్శకుడు, ఇవన్నీ ఒక ఎత్తు. 1970లలో మద్రాసులో ఫిల్మ్ ఛాంబరు వాళ్లు నడిపిన ఇన్‌స్టిట్యూట్‌లో ఆయన చేసిన మేష్టరీ ఇంకో ఎత్తు.

1973లో ఆ బడిలో చేరినవాళ్లలో బెంగుళూరు బస్సు కండక్టరు ఒకాయన ఉన్నారు, శివాజీరావు గైక్వాడ్. ఇప్పుడు రజనీకాంత్ అంటాం. మరాఠీ ఇంట్లో పుట్టి, కన్నడ నాటకాలు వేసి, తమిళ సినిమాల్లోకి వెళ్లబోయే మనిషికి యానాం తెలుగు మేష్టారు మద్రాసులో పాఠం చెప్పారు. ఏ భాషలో చెప్పి ఉంటారో నేను ఆలోచిస్తూ ఉంటాను. నటనలో భాష రెండో సంగతి అని తరచూ వినే మాట అబద్ధం కాదేమో. కొన్నాళ్లకు నరసాపురంలో డిగ్రీ ముగించి చిరంజీవి వచ్చారు. రాజేంద్రప్రసాద్ అక్కడివారే. ఒక మేష్టారి కింద ఇన్ని రకాల మనుషులు! ఒకాయన సిగరెట్టు ఎగరేసి పట్టుకుంటే చాలు, ఒకాయన కాలు కదిపితే చాలు, ఒకాయన తెల్లమొహం వేస్తే చాలు. ముగ్గురికీ ఒకే అచ్చు గుద్దలేదంటే అది మేష్టారి గొప్ప. ఇప్పటి కోర్సుల్లోంచి బయటికొచ్చే పిల్లల్ని చూడండి. అందరూ ఒకే తీరున కనుబొమ ఎత్తుతారు.

ఆ బడిలో ఇంకో మేష్టారు ఉన్నారు, లక్ష్మీదేవి గారు. కనకాల గారి భార్య. చిన్నప్పటి నుంచి రంగస్థలం మీద పెరిగిన మనిషి. చిరంజీవి, ఆయన స్నేహితుడు సుధాకర్ ఆమె దగ్గర నేర్చుకున్నవాళ్లే. తర్వాత ఆ దంపతులు హైదరాబాదులో కూడా నటన బడి నడిపారు. 2018 ఫిబ్రవరిలో ఆమె పోయారు, 2019 ఆగస్టు 2న ఆయన పోయారు. ఆ రెండు రోజులూ నేను వార్తలు చూశాను. యాంకర్ సుమ అత్తగారు కన్నుమూత, యాంకర్ సుమ మామగారు కన్నుమూత. ఆ అమ్మాయి మంచి మాటకారి, మా ఇంట్లో అందరికీ ఇష్టం, ఆమెనేమీ అనను. అయినా ఇన్నేళ్లు తెలుగువాళ్లకూ తమిళులకూ నటులను తయారుచేసి ఇచ్చిన మేష్టర్లను కోడలి చుట్టరికంతో గుర్తుపట్టాల్సి వచ్చిందంటే ఆ వార్త రాసినవాణ్ణి ఏ బెంచీ ఎక్కించాలి?

కనకాల గారిలో నాకు నచ్చిన గుణం ఇంకొకటి. మేష్టారు అయ్యాక కూడా వేషం మానలేదు. శిష్యుడు చిరంజీవి హీరోగా ఉన్న 'గ్యాంగ్ లీడర్'లో ఒక పాత్ర వేశారు, 1991లో. శిష్యుడి పేరు పోస్టరు నిండా ఉంటుంది, మేష్టారి పేరు ఎక్కడో కింద ఉంటుంది. నామోషీ పడలేదు. బడిపంతులుగా ఆ సుఖం నాకు తెలుసు. నా దగ్గర ఛందస్సు నేర్చుకున్నవాడు తర్వాత నా పై అధికారిగా వచ్చి సంతకం పెడుతుంటే, గణాలు మరిచిపోయాడా లేదా అని వాడి ముఖంలో వెతికేవాణ్ణి.

ఈ ముగ్గురి కథా చెప్పి, "పాతకాలం వాళ్లు బహుముఖ ప్రజ్ఞావంతులు" అని దండ వేసి పంపేయడం నాకిష్టం లేదు. ప్రజ్ఞ అందరికీ ఉంటుంది. వాళ్లకు రిహార్సలు ఉంది.

మా రిహార్సళ్లు అభ్రకం గోడౌన్లో జరిగేవి. గూడూరు అభ్రకం విదేశాలకు పోతున్న రోజులవి. సైదాపురం గనుల సరుకు తెచ్చి చీల్చి గ్రేడు చేసే షెడ్డు, రాత్రయితే ఖాళీ. నేల నిండా మెరిసే పొడి. ఇంటికెళ్లేసరికి అందరి పంచెలూ, మోచేతులూ తళతళలాడేవి, ఎక్కడికెళ్లొచ్చామో ఇంట్లో అబద్ధం చెప్పే వీలుండేది కాదు. తొమ్మిదింటికి అనుకుంటే పదిన్నరకు మొదలయ్యేది. హార్మోనిస్టు పెట్టె తీసి ముందు అందరి గొంతూ చూసేవాడు. పద్యం ఎత్తుగడ ఎక్కువైతే, "కిందికి దిగు నాయనా, చివరికి వెళ్లేసరికి చచ్చిపోతావు" అనేవాడు. డైరెక్టరు ఒక మూల బీడీ కాలుస్తూ నిలబడి కదలికలు చెప్పేవాడు. ఆయన మర్నాడు పొద్దున సహకార బ్యాంకులో లెక్కలు రాసుకునే మనిషే. మేకప్పు సామాను తెచ్చే ఆయన నటులకు అడ్డొచ్చి మరీ తన అభిప్రాయం చెప్పేవాడు. వీళ్లందరి మీదా ఒక న్యాయాధిపతి ఉండేవాడు, టీ తెచ్చే పిల్లవాడు. గ్లాసులిచ్చి గోనెసంచి మీద కూర్చునేవాడు. వాడు ఆవలించిన చోట సీను కత్తిరించాల్సిందే. మా డైరెక్టరు ఎవరి మాటా వినేవాడు కాదు గానీ ఆ ఆవలింతను మాత్రం వినేవాడు.

ఆ గోడౌన్లో నెల రోజులు కూర్చున్నవాడు రాయడం నేర్చుకోకుండా ఎట్టా ఉంటాడు? ఎక్కడ జనం తగ్గుతారో, ఎక్కడ నవ్వుతారో, ఏ మాటకు ఊపిరి చాలదో, ఏ నటుడికి కుడిపక్క నుంచి వస్తేనే ధైర్యమో అన్నీ తెలిసిపోతాయి. రాయడం, ఆడించడం, నేర్పడం వేర్వేరు పనులని అక్కడ ఎవరూ అనుకోలేదు. కొత్తవాడొస్తే పాతవాడు పక్కన నిలబెట్టి చెప్పించేవాడు. అదే పాఠం. రచయిత రాకపోతే నేనే రెండు ముక్కలు రాసి ఇచ్చేవాణ్ణి. నటుడు రాకపోతే డైరెక్టరు బీడీ పారేసి ఆ వేషం చదివేవాడు.

మా రోజులన్నీ బంగారం అని అనను. నాటకాల మోజులో పొలాలమ్ముకున్నవాళ్లను ఎరుగుదును. తాగి స్టేజీ ఎక్కి నాటకం తగలబెట్టినవాళ్లను ఎరుగుదును. ఆడవేషానికి వచ్చిన ఆమెను రాత్రంతా ఆడించి, తెల్లారాక కాంట్రాక్టరు డబ్బు ఎగ్గొట్టిన రోజులున్నాయి. ఎవరు ఏ వేషం వెయ్యాలో కులం చూసి చెప్పిన పెద్దమనుషులూ ఉన్నారు. నెల్లూరు పురమందిరంలో పోటీలకు వెళ్లి బహుమతి రాక జడ్జీలను తిట్టుకుంటూ కడపటి ప్యాసింజరు పట్టుకున్న రాత్రుళ్లకైతే లెక్కే లేదు. అయినా ఎవడూ సర్టిఫికెట్టు చూపించి వేషం అడగలేదు.

సర్టిఫికెట్టంటే గుర్తొచ్చింది. మా వీధి చివర నిమ్మకాయల మండీ ఆయన మనవడొకడు ఉన్నాడు. ఇంజనీరింగు చదివాడు. సినిమాల్లోకి వెళ్తానని ఇంట్లో తగువు. వాళ్ల తాత నన్ను పిలిచి, "మీరు నాటకాల మనిషి కదా మేష్టారూ, వీడికి ఉందో లేదో చూసి చెప్పండి" అన్నాడు.

"ఏందబ్బయ్యా, యాక్టింగు నేర్చుకున్నావంట?"

"అవును తాతా. ఆన్‌లైన్లో. సర్టిఫికెట్టు కూడా వచ్చింది."

"ఎవరు చెప్పారు?"

"రికార్డెడ్ క్లాసులు తాతా. మనకు వీలున్నప్పుడు చూసుకోవచ్చు."

"మరి నువ్వు తప్పు చేస్తే ఆయన నిన్ను ఎట్టా ఆపుతాడు?"

వాడు కాసేపు ఆలోచించి, "నేనే పాజ్ కొట్టుకోవచ్చు తాతా" అన్నాడు.

నాకు నవ్వాలో ఏడవాలో తెలియలేదు. ఆ కోర్సుకు వాళ్ల తాత పోసిన డబ్బుతో మేం ఒక పరిషత్తు పోటీకి మొత్తం బృందాన్ని తీసుకెళ్లి భోజనాలు పెట్టి తీసుకురాగలిగేవాళ్లం. పోనీ అని, "ఒక మాట చెప్పు చూద్దాం" అన్నాను. చెప్పాడు. బాగానే చెప్పాడు, ముఖం బాగా కదిలింది. ఎదురింటి అరుగు దాకా వెళ్లి నిలబడి మళ్లీ చెప్పమన్నాను. పెదవులు కదిలాయి, మాట నా దాకా రాలేదు. "మైకు ఉంటుంది కదా తాతా" అన్నాడు. మైకు గొంతును పెంచుతుంది నాయనా, లేని దమ్మును ఎక్కడి నుంచి తెస్తుంది?

వాడూ తక్కువవాడు కాదు. "మీరు చెప్పే ఆ పెద్దాళ్ల లాగే నేనూ అన్నీ చేస్తాను తాతా" అని ఫోను తీశాడు. నిమ్మకాయల మండీలో తీసిన ఏడు నిమిషాల సినిమా. కథ వాడే, మాటలు వాడే, నటన వాడే, కెమెరా స్టాండుకు పెట్టి తీసింది వాడే, కత్తిరించింది వాడే, గొంతు ఇచ్చింది వాడే. హమాలీ ఒకతను బస్తా దించి నడుం పట్టుకునే చోట బాగుంది, నిజం చెప్తున్నాను. నిజమైన హమాలీనే అడిగి పెట్టుకున్నాడట. మిగతాదంతా వాడి ముఖమే. ఏడు నిమిషాల్లో వాడి ముఖం లేనిది ఆ హమాలీ వచ్చిన కాసేపే.

ఆ రాత్రి నాకు నిద్ర సరిగా పట్టలేదు. వాడన్నదాంట్లో తప్పేముంది? బలిజేపల్లి గారు నాలుగు పనులు చేస్తే గొప్ప, మండీ కుర్రాడు ఆరు పనులు చేస్తే తక్కువా? పక్క మీద అటూ ఇటూ దొర్లి, చివరికి ఫోను తీసి పరుచూరి గోపాలకృష్ణ గారి పాఠం పెట్టుకున్నాను. నవ్వకండి. ఆయన ఒకప్పుడు కాలేజీలో తెలుగు లెక్చరరు, అన్నగారితో కలిసి నాటకాల మీదుగా సినిమాల్లోకి వెళ్లినాయన. కనకాల గారు డైరెక్టు చేసిన ఆ 'చలిచీమలు' పరుచూరి వారి కథే. తర్వాత 'ఖైదీ', 'మేజర్ చంద్రకాంత్', 'ఇంద్ర', ఎన్నో. నాటక పరిషత్తూ నడిపారు. ఇప్పుడు 'పరుచూరి పలుకులు' అని ఫోనులోనే సినిమా పాఠం చెప్తున్నారు, ఏ సీను ఎందుకు నిలబడింది, ఏది ఎందుకు పడిపోయింది అని. ఫోనులో పాఠాన్ని తిట్టే నేను ఫోనులో పాఠం వింటున్నానని మా ఆవిడ పక్క గదిలోంచి దగ్గింది.

తేడా ఉంది, మా ఆవిడ ఒప్పుకోకపోయినా సరే. ఆ లెక్చరరు గారు మాట్లాడుతుంటే మధ్యలో ఆగుతారు. ఎదురుగా క్లాసు ఉన్నట్టు, వెనక బెంచీలో ఎవడో అర్థంకాక ముఖం పెట్టినట్టు. దశాబ్దాలపాటు మనుషుల ముఖాలు చూసి మాట్లాడిన అలవాటు అది, కెమెరా ముందు కూర్చోబెట్టినా పోలేదు. మండీ కుర్రాడికి లేనిది అదొక్కటే. వాడికి పనులన్నీ వచ్చు. వద్దు అనేవాళ్లు మాత్రం లేరు. హార్మోనిస్టు లేడు, బీడీ డైరెక్టరు లేడు, నాబోటి ప్రాంప్టరు లేడు. వాడి సినిమా కింద వరసగా హృదయం బొమ్మలున్నాయి, అన్నీ వాడి స్నేహితులవి. హృదయం బొమ్మ పెట్టినవాడు సినిమా చివరిదాకా చూశాడని గ్యారంటీ ఏమిటి?

మర్నాడు వాణ్ణి పిలిచి 'ఎన్.జి.ఓ.' పుస్తకం చేతిలో పెట్టాను. ఒక సీను చాలన్నాను. సెల్లు తేవద్దు, స్టాండు తేవద్దు, సాయంత్రం మా మిద్దె మీదికి రా అన్నాను.

"ఫీజు ఎంత తాతా?"

"ఫీజు లేదు. వచ్చేటప్పుడు నలుగుర్ని వెంట తీసుకురా."

"వాళ్లు కూడా యాక్టింగ్ చెయ్యాలా?"

"అక్కర్లేదు. ఎదురుగా కూర్చుంటే చాలు."

"ఎందుకు మరి?"

"ఆవలించడానికి."

వాడికి అర్థం కాలేదు గానీ సాయంత్రం వచ్చాడు. ముగ్గుర్ని తెచ్చాడు. నాలుగోవాడికి చెన్నైలో ఉద్యోగమట, సెల్లు వద్దన్నా వినకుండా వాణ్ణి వీడియో కాల్లో పెట్టి నీళ్లట్యాంకు గట్టుకు ఆనించాడు. సీను మొదలైంది. రెండో పేజీలో ముగ్గురిలో ఒకడు ఆవలించాడు, అక్కడ ఆపి మళ్లీ చెప్పించాను. ఎదురింటి ఆమె బట్టలు తీసుకోవడానికి మిద్దె మీదికొచ్చి, తీగె పట్టుకుని అట్టాగే నిలబడిపోయింది. ఆమెను లెక్కలో వేసుకున్నాను. చెన్నైవాడు ఆవలించాడో లేదో మాత్రం చెప్పలేను, వాడి వైపు కెమెరా ఆపేసి ఉంది.